నాలుగో మెట్టు

హెలికాప్టరు చప్పుడు వినపడితే చాలు, మా చీమకుర్తిలో పిల్లలు కంచాల ముందునుంచి లేచి వీధిలోకి పరుగెత్తుతారు. మాది రాళ్ళ క్వారీల వూరు. పగలంతా కంప్రెషర్ల మోతా, రాళ్ళ లారీల రొదా వింటూనే వుంటాం. అయినా ఆకాశంలోనుంచి వచ్చే ఆ మోత ముందు ఇవేవీ చెవికెక్కవు.

నేను ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పాను. ఒకసారి అలా ఒక హెలికాప్టరు మా బడి మీదుగా వెళ్ళిపోయాక ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, "మాస్టారూ, చేతక్ హెలికాప్టర్లు మనదేశంలోనే తయారు చేశారని పుస్తకంలో వున్నదండీ. మరి దాని ఇంజను కూడా మనదేనాండీ?" అని అడిగింది.

ఎంత మంచి ప్రశ్న! దానికి "అవును" అన్నా పూర్తి నిజం కాదు, "కాదు" అన్నా పూర్తి నిజం కాదు. ఆ రోజు ఆ పిల్లకు చెప్పిన సంగతులూ, తరవాత నేను చదివి తెలుసుకున్న సంగతులూ కలిపి మీకు చెబుతాను.

హెలికాప్టరు ఇంజను ఎవరిదైతే మనకేమిటి అని మీకు తోచవచ్చు. 1977 నవంబరు 19న పెద్ద ఉప్పెన దివిసీమనూ, మా తీరాన్నీ ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. మా పిన్నిగారి వూరు రేపల్లె ప్రాంతంలో వున్నది. రోడ్లు తెగిపోయాయి. లారీ పోవటానికి దారి లేదు, పడవ పోవటానికి చెట్లూ చేమలూ అడ్డం. అప్పుడు హెలికాప్టర్లు వచ్చి ఆహారం పొట్లాలు జారవిడిచాయి. "ఆకాశంలోనుంచి అన్నం పడిందిరా" అని మా పిన్ని బతికి వున్నన్నాళ్ళూ చెప్పుకునేది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగినప్పుడు కూడా విశాఖపట్నం నుంచి నౌకాదళం వారి చేతక్, ధ్రువ్ హెలికాప్టర్లు వచ్చాయి. ఆ ఇంజను తిరగకపోతే ఆ అన్నం పడదు. అందుకే అది ఎవరి చేతిలో వున్నదో తెలుసుకోవాలి.

ముందు ఆ ఇంజను ఎలా పనిచేస్తుందో చూద్దాం.

కమ్మరి కొలిమి మీరు చూసే వుంటారు. తిత్తితో గాలి వూదితే నిప్పు భగ్గుమంటుంది. హెలికాప్టరు ఇంజనులో కూడా అదే సూత్రం వున్నది. ముందు భాగంలో ఒక చక్రం అతివేగంగా తిరుగుతూ గాలిని లోపలికి పీల్చి అదిమిపెడుతుంది. చల్ల చిలికేటప్పుడు కవ్వం గిరగిర తిరిగితే మజ్జిగ కుండ గోడలవైపు చిమ్ముతుంది గదా! ఈ చక్రం గాలిని అలాగే పక్కలకు విసిరి వొత్తిడి పెంచుతుంది. ఆ గాలిలో చమురు మండుతుంది. మండిన వేడి వాయువు మహావేగంతో బయటికి పరుగెత్తుతూ ఇంకొక చక్రాన్ని, తాటాకు గాలిమరను గాలి తిప్పినట్లుగా తిప్పుతుంది. ఆ చక్రాన్ని టర్బైను అంటారు. టర్బైను బలంలో కొంత ముందువున్న గాలిచక్రాన్ని తిప్పటానికే పోతుంది. మిగిలిన బలం పళ్ళచక్రాల ద్వారా పైనున్న పెద్ద రెక్కలకు చేరుతుంది. చేతక్ ఇంజనులో ఇరుసు నిమిషానికి సుమారు 33,500 చుట్లు తిరుగుతుంది. పైన రెక్కలు మాత్రం నిమిషానికి 350 చుట్లే తిరుగుతాయి.

ఈ ఇంజను పేరు ఆర్తూస్త్. ఇది ఫ్రాన్సు దేశంలో పుట్టింది. పోలండులో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన జోసెఫ్ షిద్లోవ్‌స్కీ అనే ఇంజనీరు 1938లో టర్బోమెకా అనే సంస్థను స్థాపించాడు. ఆయన ఇంజన్లలో ఒక చమత్కారం వున్నది. చమురును తిరిగే ఇరుసు లోపలికే పంపి, అక్కడినుంచి చుట్టూ చిమ్మేటట్టు చేశాడు. తడిసిన గొడుగును గిర్రున తిప్పితే తుంపరలు నాలుగువైపులా ఎగిరిపడవూ? ఇదీ అంతే. 1955లో ఈ సంస్థవారి ఇంజనుతో అలుయెత్ అనే ఫ్రెంచి హెలికాప్టరు ఎగిరింది. టర్బైను ఇంజనుతో పెద్దసంఖ్యలో తయారయిన మొదటి హెలికాప్టరు అదే. అంతకుముందు హెలికాప్టర్లకు పిస్టన్లు కొట్టుకునే బరువైన ఇంజన్లు వుండేవి.

1962లో మన ప్రభుత్వం అలుయెత్ జాతిలో మూడవ రకాన్ని ఇక్కడే తయారు చేసుకోవటానికి ఫ్రెంచివారితో ఒప్పందం చేసుకున్నది. బెంగుళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థకు ఆ పని అప్పగించారు. 1964లో ఆ సంస్థే హిందూస్థాన్ ఏరోనాటిక్స్ అయింది. 1965లో మొదటి హెలికాప్టరు సైన్యానికి అందింది. దానికి రాణా ప్రతాపుడి గుర్రం పేరు పెట్టారు—చేతక్. టర్బోమెకావారి అనుమతితో ఆర్తూస్త్ ఇంజన్లను కూడా బెంగుళూరులోనే తయారు చేయటం సాగింది. ఆ చెలిమి అరవై ఏళ్ళు దాటి నేటికీ నడుస్తున్నది.

ఇక్కడ మా మేనమామ సంగతి చెప్పాలి.

నా చిన్నతనంలో ఆయన చీమకుర్తిలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. అప్పట్లో మా పొలాలకు కరెంటు మోటార్లు తక్కువ. బావిమీద ఆయిల్ ఇంజను ‘టుక్కు టుక్కు’ మంటే మిరపచేలకు నీళ్ళు. చప్పుడు విని జబ్బు చెప్పగలవాడని మామయ్యకు పేరు. ఒక ఏడు మా మిరప మంచి పూతమీద వుండగా ఇంజను ఆగిపోయింది. మామయ్య వచ్చి విప్పి చూసి, చమురు పంపులో చిన్న ముక్క అరిగిందన్నాడు. అది నా చిటికెనవేలంత కూడా లేదు. నాన్న పట్నంలో కొట్టుకు వెళ్ళాడు. "సరుకు రాలేదు, వచ్చే వారం రండి" అన్నారు. ఆ వచ్చే వారం మూడో వారమయింది. ఈలోగా పూత రాలిపోయింది. చేలో అడుగు వేస్తే కాలికింద ఎండిన పూలే. నాన్న గట్టుమీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు.

"మామయ్యా, వూళ్ళో ఇంజన్లన్నీ నువ్వే బాగు చేస్తావు గదా! ఆ చిన్నముక్క నువ్వే చేసి పెట్టరాదూ?" అని నేను అడిగాను.

ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. "అల్లుడూ, దీనికి నాలుగు మెట్లున్నాయిరా. ఇంజను కొనుక్కుని నడపటం మొదటి మెట్టు. పాడయితే బాగుచేసుకోవటం రెండోది. ఒకరు కొలతలిస్తే అచ్చం అలాగే తయారు చెయ్యటం మూడోది. అసలు ఆ ముక్క అంతే ఎందుకుండాలి, ఇంకోలా వుంటే ఏమవుతుంది అన్నది తెలుసుకుని కొత్తది పుట్టించటం నాలుగోది. ఈ ముక్కకూ, అది కూర్చునే గొట్టానికీ మధ్య సందు తలవెంట్రుకలో పదోవంతు కూడా వుండదు. నేను రెండో మెట్టు మీద వున్నాను. నువ్వు చదువుకుని పైకెక్కు" అన్నాడు.

నేను ఇంజనీరును కాలేదుగాని, ఆ నాలుగు మెట్లు మాత్రం మరవలేదు. మనదేశపు హెలికాప్టరు ఇంజన్ల కథను ఆ మెట్ల మీద నిలబెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది.

బెంగుళూరులో ఆర్తూస్త్ తయారయిందంటే మనం మూడో మెట్టు ఎక్కామన్నమాట. ఇది చిన్న సంగతి కాదు. ఫ్రాన్సునుంచి వచ్చిన పటాలలో ఏ లోహం వాడాలి, ఎంత వేడిచేయాలి, ఎంత నునుపు చేయాలి అన్నీ వుంటాయి. వాటిని తు.చ. తప్పకుండా పాటించటానికే ఏళ్ళ తరబడి చెయ్యి తిరగాలి. మన కార్మికులు, ఇంజనీర్లు ఆ పని నేర్చుకున్నారు. మూడువందలకు పైగా చేతక్‌లు ఇక్కడ తయారయాయి. కాని ఆ పటాలలో ‘ఎలా’ వుంటుందే తప్ప ‘ఎందుకు’ వుండదు. ఎక్కాలు చూసి రాసినవాడు తప్పు లేకుండానే రాస్తాడు; అయినా కొత్త లెక్క ఇస్తే ఆగిపోతాడు.

అయితే ఈ చెలిమిలో మనం పుచ్చుకున్నదే తప్ప ఇచ్చింది లేదనుకోకండి. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. ఐదున్నర వేల మీటర్ల ఎత్తున గాలి వొత్తిడి సముద్రతీరంలో వున్నదానిలో సగమే. పలచని గాలిలో ఇంజనుకు వూపిరాడదు, రెక్కలకు పట్టు దొరకదు. మన సైనికులు కాపలా కాసే హిమాలయ శిఖరాలకు ఎక్కగల హెలికాప్టరు కావాలని మనవారు అడిగారు. దానికోసమే ఫ్రెంచివారు 1968లో పని మొదలుపెట్టి, 1969లో లామా అనే కొత్త హెలికాప్టరును ఎగరేశారు. అదే ఏడు అది మన హిమాలయాలలో 7,500 మీటర్ల ఎత్తున దిగి మళ్ళీ ఎగిరింది. తరవాత దాన్నే చీతా అనే పేరుతో బెంగుళూరులో తయారు చేశారు. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి వైమానికుడు లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయాడు. ఆ చలికీ, పలచని గాలికీ ఇంజను ఆరిపోయింది. ఆయన బెదరలేదు. కిందికి దిగుతుంటే ఎదురువచ్చే గాలికే రెక్కలు తిరిగేటట్టు చేసి, ఇంజను లేకుండానే క్షేమంగా నేలకు దించాడు!

ఆర్తూస్త్‌కు అంత సత్తా ఎక్కడిది? ఒక చిన్న కిటుకు వున్నది. చేతక్‌లో వున్న ఆర్తూస్త్ 870 అశ్వశక్తి ఇవ్వగలదు. కాని నేలదగ్గర దానిచేత 570 అశ్వశక్తి మించి పని చేయించరు. బలమైన ఒంగోలు ఎద్దును తేలిక బండికి కట్టినట్లన్నమాట. ఎత్తుకు పోయినప్పుడు బలం తగ్గినా, మిగిలినదే బండి లాగటానికి చాలుతుంది. కొండమీదే కాదు, మా ప్రాంతంలో మే నెల ఎండకు కూడా గాలి వేడెక్కి పలచబడుతుంది. అప్పుడు కూడా ఈ కిటుకే ఆదుకుంటుంది.

ఇక, కొత్తముక్క రాక మా మిరపపూత రాలినట్లే, మనదేశానికి కూడా ఒక సంకటం వచ్చింది.

మనవారు జర్మను సంస్థ సాయంతో సొంతంగా ఒక హెలికాప్టరు రూపొందించి 1992 ఆగస్టు 20న ఎగరేశారు. దాని పేరు ధ్రువ్. మొదట దానికి పెట్టినవి టర్బోమెకా ఇంజన్లే. తరవాత ఇంకా బలమైన అమెరికా ఇంజను పెడదామనుకున్నారు. ఇంతలో 1998 మే నెలలో మనం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపాం. అమెరికా ఆంక్షలు విధించింది. ఇంజను రాలేదు. హెలికాప్టరు మనది, రెక్కలు మనవి, నడిపేవాళ్ళు మనవాళ్ళు. అయినా ఇంజను గలవాడు చెయ్యి ముడుచుకుంటే పని ఆగిపోయింది. మళ్ళీ టర్బోమెకా ఇంజనే దిక్కయింది. దానితోనే 2002లో ధ్రువ్ సైన్యంలో చేరింది. కాని సియాచిన్ వంటి మంచుకొండల ఎత్తులకు ఆ ఇంజను బలం చాలలేదు.

అప్పుడు పాత స్నేహితులిద్దరూ కలిసి కొత్తపని తలపెట్టారు. 2003లో టర్బోమెకా, హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థలు కొత్త ఇంజనును కలిసి తయారు చేయటానికి ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రెంచివారు దాన్ని ఆర్దిదెన్ అన్నారు. మనవారు శక్తి అన్నారు. ఈసారి మన ఇంజనీర్లు పటాలు అందుకుని వూరుకోలేదు. కొన్ని భాగాల రూపకల్పనలో కూడా చెయ్యి వేశారు. పెద్దపాలు ఫ్రెంచివారిదే అయినా, నాలుగో మెట్టు మీద మన పాదం ఆనింది. శక్తితో ధ్రువ్ 2007లో ఎగిరింది. 2022 అక్టోబరు 3న వైమానికదళంలో చేరిన ప్రచండ్ అనే యుద్ధ హెలికాప్టరుకు కూడా ఇవే రెండు ఇంజన్లు.

టర్బోమెకా పేరు 2016లో సాఫ్రాన్ హెలికాప్టర్ ఇంజిన్స్ అని మారింది. సాఫ్రాన్ అనేది చాలా రకాల విమాన ఇంజన్లు చేసే పెద్ద ఫ్రెంచి కుటుంబం. ఆ కుటుంబం ఇప్పుడు మన తెలుగుగడ్డ మీదికి కూడా వచ్చింది. హైదరాబాదు విమానాశ్రయం దగ్గర 2022లో విమాన ఇంజన్ల భాగాలు చేసే ఫ్యాక్టరీ తెరిచారు. 2025 నవంబరు 26న అక్కడే లీప్ అనే పెద్ద విమాన ఇంజన్లను విప్పి బాగుచేసే కేంద్రం ప్రారంభమయింది. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజన్ల దాకా బాగుచేయగల స్తోమతు దానికి వుంటుందని చెప్పారు. మామయ్య లెక్క ప్రకారం ఇది రెండో మెట్టే. అయినా చిన్నచూపు చూడకూడదు. వందల ఇంజన్లు విప్పి, ఏది ఎక్కడ అరుగుతున్నదో కళ్ళారా చూసినవాడికే, అది అరగకుండా ఎలా చేయాలో ఆలోచన పుడుతుంది.

మరి నాలుగో మెట్టు అంత కష్టమెందుకు? దానికి జవాబు మా చీమకుర్తి రాతిలోనే వున్నది.

మా వూరి నల్లరాయి పేరు గెలాక్సీ గ్రానైటు. నునుపు చేస్తే నల్లని ఆకాశంలో చుక్కల్లా బంగారురంగు మెరుపులు కనిపిస్తాయి. దగ్గరగా చూడండి. ఆ రాయి అంతా ఒకే ముద్ద కాదు. ఎన్నెన్నో స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని వున్నాయి. లోహాలు కూడా అంతే. ఇనుమైనా, రాగి అయినా కంటికి కనిపించని చిన్న చిన్న స్ఫటికాల గుంపే. టర్బైను రెక్కల చుట్టూ వుండే వాయువు ఎంత వేడిగా వుంటుందంటే, కొత్తరకం ఇంజన్లలో ఆ వేడి రెక్కలోని లోహం కరిగే వేడిని కూడా మించుతుంది. రెక్క లోపల సన్నని రంధ్రాలగుండా చల్లగాలి పంపి కాపాడుకోవాలి. ఆ వేడిలో, ఆ వేగంలో లోహపు స్ఫటికాల అతుకులు మెల్లగా జారతాయి, రెక్క సాగుతుంది, ఆఖరుకు విరుగుతుంది.

కాబట్టి అతుకులే లేకుండా చేస్తే? అంటే రెక్క మొత్తం ఒకే స్ఫటికంగా వుండాలి. పంచదార పలుకులకూ, కలకండ ముక్కకూ వున్న తేడా మీకు తెలుసు. పాకం తొందరగా చల్లారితే చిన్న పలుకులవుతాయి; నిదానంగా చల్లారితే పెద్ద కలకండ గట్టిపడుతుంది. లోహాన్ని కూడా అచ్చులో పోసి, కొలిమిలోనుంచి అతి మెల్లగా బయటికి తీస్తారు. అచ్చు అడుగున మెలికలు తిరిగిన సన్నని దారి వుంటుంది. అక్కడ మొదలయిన స్ఫటికాలలో ఒక్కటి మాత్రమే ఆ దారి దాటి పైకి పెరుగుతుంది. ఏ లోహాలు ఏ పాళ్ళలో కలపాలి, ఎంత నిదానంగా తీయాలి అన్నది ఏ దేశమూ తేలికగా పరాయివారికి చెప్పదు. ఎంత స్నేహితుడయినా ఇంటి తాళంచెవి ఇవ్వడు గదా!

హైదరాబాదు కంచన్‌బాగ్‌లో రక్షణశాఖవారి లోహ పరిశోధనశాల వున్నది. అక్కడివారు ఇటువంటి ఒకే స్ఫటికపు రెక్కలు తయారు చేసి, హెలికాప్టరు ఇంజను కోసం 60 రెక్కలు హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించామని 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. మొత్తం 300 రెక్కలు చేయాలన్నది వారి పథకం. ప్రపంచంలో ఈ విద్య తెలిసిన దేశాలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఫ్రెంచివారితో చెలిమి కూడా ఆగలేదు. ఇంకా పెద్ద హెలికాప్టరు కోసం కొత్త ఇంజనును కలిసి రూపొందించటానికి 2022లో ఒప్పుకున్నారు. దానికి అరావళి అని పేరు పెట్టారు.

పిల్లలూ, చెయ్యిపట్టి నడక నేర్పినవాడిని ఎన్నడూ మరవకూడదు. షిద్లోవ్‌స్కీ ఇంజను లేకపోతే చేతక్ లేదు, ఆ మూడో మెట్టే లేదు. కాని నేర్పినవాడికి కూడా సంతోషం ఎప్పుడంటే, నేర్చుకున్నవాడు తన కాళ్ళమీద నడిచినప్పుడే. మీరు ఏ యంత్రం చూసినా, అది కుట్టుమిషను కానివ్వండి, మిరపచేలో మందు చల్లే పంపు కానివ్వండి, "ఇది ఎలా పనిచేస్తుంది?" అని అడిగి వూరుకోకండి. "ఇది ఇలాగే ఎందుకుండాలి?" అని కూడా అడగండి. నాలుగో మెట్టు ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.